ఊరూ పేరూ ఉన్న ఫైలు: పాత ఆటల డేటాబేస్‌లలో ఏది ఎవరికి?

కాంట్రా అనే వీడియో గేమ్ మొదటి దశలో అడవి చెట్ల ఆకులు గాలికి ఊగుతాయా, ఊగవా?

మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె ఉండేది. అందులో ఆ ఆట ఆడినప్పుడు ఆకులు ఊగేవని నాకు బాగా గుర్తు. ఎన్నో ఏళ్ల తరువాత కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్) పెట్టుకుని అదే ఆట తెరిస్తే ఆకులు కదలకుండా నిలబడి ఉన్నాయి. చిన్నప్పటి జ్ఞాపకం కదా, మనసు తనకు నచ్చిన రంగులు అద్దుకుని ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఆ తరువాత ఎప్పుడో ఒక డేటాబేస్‌లో అసలు సంగతి చదివాను. కోనామి సంస్థ 1988లో కాంట్రాను నింటెండో గేమ్ యంత్రాలకు రెండు రూపాల్లో తెచ్చింది: జపాన్‌లోని ఫ్యామికామ్‌కు ఒకటి, అమెరికాలోని ఎన్‌ఈఎస్‌కు మరొకటి. జపాన్ క్యాసెట్‌లో వీఆర్‌సీ2 అనే కోనామి సొంత చిప్ ఉంది. దాని సాయంతో ఆకులు ఊగుతాయి, మంచు దశలో మంచు కురుస్తుంది, దశకూ దశకూ మధ్య మ్యాపు కనిపిస్తుంది. అమెరికా క్యాసెట్‌లో ఆ చిప్ లేదు, ఆ హంగులూ లేవు. ఐరోపాలోనైతే మనుషుల స్థానంలో రోబోలను పెట్టి ప్రొబోటెక్టర్ అనే పేరుతో అమ్మారు. మన బజార్లలో దొరికిన నకలు పెట్టెలు ఫ్యామికామ్‌ను చూసి చేసినవి కాబట్టి, వాటి క్యాసెట్లలోకి జపాన్ రూపం చేరడంలో వింత లేదు. నా జ్ఞాపకం నిజమే. నేను తెరిచిన ఫైలే వేరు.

ఆ రోజు నాకు ఒకటి స్పష్టమైంది. ఆట ఫైలు నా దగ్గర ముందునుంచీ ఉంది. లేనిది దాని ఊరూ పేరూ. ఏ దేశానికి విడుదలైంది, ఏ సంవత్సరం, ఎవరు చేశారు, ఏ చిప్‌లోంచి చదివారు, మధ్యలో ఎవరైనా మార్చారా అన్న వివరాలు లేకపోతే ఆ ఫైలు ఏమిటో మనకు తెలిసే మార్గం లేదు. పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరిచే డేటాబేస్‌లను నేను ఈ కొలతతోనే చూస్తాను. ఫైలు ఎంత తేలికగా దొరుకుతుందన్నది తరువాతి సంగతి. కొత్తగా వచ్చినవారు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, పాత ఆటలు ఉచితంగా దొరికే చోట్లు అనుకుంటారు. నిజానికి వాటి పనులు వేరు, పద్ధతులు వేరు. కొన్నింటిలో అసలు ఆటే ఉండదు.

ఇవి లేకపోతే ఏమవుతుంది? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023లో ఒక అధ్యయనం వెలువరించాయి. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొందామన్నా దొరకవని అందులో తేలింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. వాటిలో డౌన్‌లోడ్‌గా మాత్రమే అమ్మిన ఆటలకు ఇక క్యాసెట్ లేదు, డిస్కు లేదు, అంగడీ లేదు.

ఒకసారి ఆడి చూడాలంటే

మీకు కావలసింది పాత ఆటనో, పాత ప్రోగ్రామ్‌నో కళ్లతో చూసి, పది నిమిషాలు ఆడి మూసేయడమే అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు వెళ్లండి. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఈ లాభాపేక్ష లేని సంస్థ, 2013 అక్టోబర్‌లో పాత సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్‌లోనే నడిపే ఏర్పాటు తెచ్చింది. మరుసటి ఏడాది నవంబర్‌లో సుమారు 900 ఆర్కేడ్ ఆటలు (నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాలవి), 2015 జనవరిలో విండోస్‌కు ముందు కాలపు ఎమ్మెస్ డాస్ ఆటలు రెండు వేలకు పైగా చేరాయి. ఎమ్యులేటర్ దించుకోనక్కరలేదు, అమరికలు తెలియనక్కరలేదు. పేజీ తెరిచి బొమ్మ మీద నొక్కితే పాత యంత్రం బూట్ అవుతుంది.

ఇక్కడ నాకు ఆటలకంటే విలువైనవిగా తోచేవి పనిముట్లు. 1979లో వచ్చిన విసికాల్క్ ఇందులో ఉంది. ఈ రోజు ఎక్సెల్‌లో లెక్కలు చేసే ప్రతి ఒక్కరికీ అది పూర్వీకురాలు. పాత వర్డ్ ప్రాసెసర్ వర్డ్‌స్టార్ ఉంది. కామర్స్ విద్యార్థులకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక పీరియడ్‌లో విసికాల్క్ తెరిచి, గడిలో అంకె మార్చగానే మొత్తం దానంతట అదే మారడం చూపించవచ్చు. ఆ నల్లటి తెర మీద ఆ మార్పును చూసిన పిల్లలకు స్ప్రెడ్‌షీట్ అంటే ఏమిటో మళ్లీ వివరించనక్కరలేదు.

బలహీనత కూడా చెప్పాలి. ఇక్కడ ఎవరైనా ఎక్కించవచ్చు. అందువల్ల ఒకే ఆట ఐదారు చోట్ల ఉంటుంది, సంవత్సరం ఎక్కించినవారి మాట మీద ఆధారపడి ఉంటుంది, ఏది అసలు రూపమో ఏది మార్చినదో పేజీ చూసి చెప్పలేని సందర్భాలు ఎక్కువ. రెండోది, 2024 అక్టోబర్‌లో ఈ సంస్థ మీద సైబర్ దాడి జరిగింది. 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి, సైటు రోజుల తరబడి మూతపడింది. అంత పెద్ద భాండాగారం కూడా ఒక ఉదయం తెరుచుకోకపోవచ్చని అందరికీ తెలిసింది. ఆడి చూడటానికి దీనికి సాటి లేదు. నమ్మి ఉదహరించడానికి మాత్రం దీనితో సరిపెట్టకండి.

పేరు గుర్తులేని ఆటను వెతకాలంటే

తెర మీద ఏముండేదో గుర్తుంది, పేరు గుర్తులేదు. ఈ ఇబ్బంది మనవాళ్లకు మరీ ఎక్కువ. బహుళ ఆటల క్యాసెట్ల మీద అట్టపేరు ఒకటి, మెనూలో పేరు ఇంకొకటి ఉండేది. కొన్నింట్లో తయారీదారు పేరును మొదటి తెర నుంచి చెరిపేసేవారు. ఇలాంటప్పుడు మోబీగేమ్స్ ఉపయోగపడుతుంది. 1999లో మొదలైన ఈ డేటాబేస్ ఆటలను ఇవ్వదు. ఆటల గురించి చెబుతుంది: ఏ యంత్రానికి ఎప్పుడు వచ్చింది, వేర్వేరు దేశాల్లో ఏ పేర్లతో వచ్చింది, పెట్టె మీద బొమ్మ, ఆట లోపలి తెరచిత్రాలు, అన్నిటికన్నా ముఖ్యంగా పనిచేసినవారి పేర్లు.

ఆ పేర్ల దగ్గర కాస్త ఆగాలి. 1980ల వరకూ చాలా సంస్థలు ఆట చేసినవారి పేరు బయటపెట్టేవి కావు. అటారీ 2600 గేమ్ యంత్రం కోసం అడ్వెంచర్ అనే ఆట రాసిన వారెన్ రాబినెట్ తన పేరును ఆటలోనే ఒక రహస్య గదిలో దాచాల్సి వచ్చింది. ఆనాటి జపాన్ ఆటల చివర వచ్చే పేర్లలో చాలా మారుపేర్లే. ఎవరు ఏది చేశారో ఒక్కొక్కటిగా కూర్చి, తనిఖీ చేసి చేర్చినవారు ఈ డేటాబేస్‌కు చేయి అందించిన సామాన్య పాఠకులు. ఒక కళారూపానికి కర్తలెవరో నమోదు చేయడం చిన్న పని కాదు.

అయితే మోబీగేమ్స్ ఒక వ్యాపార ఆస్తి. 2010లో గేమ్‌ఫ్లై కొన్నది, 2013లో మరో సంస్థకు వెళ్లింది, 2022లో అటారీ చేతికి వచ్చింది. ప్రతిసారీ డేటా నిలిచింది, అది సంతోషించాల్సిన సంగతి. కానీ వేలమంది ఉచితంగా కూర్చిన సమాచారం భవిష్యత్తు ఒక యజమాని నిర్ణయం మీద ఆధారపడటం నాకు నచ్చదు. మరో పరిమితి, ఇది ఆటలకే. వర్డ్ ప్రాసెసర్, భాషా ఫాంట్లు, అకౌంట్ల ప్యాకేజీ వెతికేవారికి ఇక్కడ పని లేదు.

ఒకే యంత్రానికి అంకితమైనవి

అన్నిటిలో నా ఓటు వీటికే. ఉదాహరణకు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తీసుకుందాం. క్లైవ్ సింక్లెయిర్ సంస్థ 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదల చేసిన ఆ చిన్న కంప్యూటర్‌లో 16 లేదా 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉండేది. ప్రోగ్రాములు మామూలు ఆడియో క్యాసెట్ల మీద వచ్చేవి. టేప్‌రికార్డర్ ఆడుతుంటే కీచుమనే శబ్దం వచ్చేది, తెర అంచుల్లో రంగుల చారలు పరుగెత్తేవి. మన దేశంలోనూ 1980ల రెండో సగంలో డెసిబెల్స్ అనే సంస్థ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో దీన్ని అమ్మింది. కాబట్టి ఇది పూర్తిగా పరాయి చరిత్ర కాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన మార్టిన్ వాన్ డెర్ హైడే 1995లో వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్ అనే భాండాగారం మొదలుపెట్టాడు. అందులో ఒక ఆట పేజీ తెరిస్తే ఆట ఒక్కటే కనిపించదు. క్యాసెట్ పెట్టె లోపలి అట్ట, సూచనల కాగితం, ప్రకటన, ఆనాటి పత్రికల్లో వచ్చిన సమీక్షల సూచన, తరువాత తక్కువ ధరకు మళ్లీ విడుదల చేసిన సంస్థ పేరు, అన్నీ ఒకచోట ఉంటాయి. నేను ఒక ఆట గురించి రాయాల్సి వస్తే ముందు అట్ట చూస్తాను. ధర, చిరునామా, కాపీరైటు సంవత్సరం అక్కడే ఉంటాయి.

హక్కుల విషయంలో ఈ భాండాగారం పాటించిన నిజాయితీ అందరికీ ఆదర్శం. సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారాన్ని 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్, స్పెక్ట్రమ్ రోమ్‌ను, అంటే యంత్రంలో శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్‌ను, ఎమ్యులేటర్లతో పాటు పంచుకోవడానికి 1999లో అనుమతి ఇచ్చింది. ఆటల సంస్థలను, రచయితలను కూడా అడిగారు. చాలామంది సరేనన్నారు. అల్టిమేట్, కోడ్‌మాస్టర్స్ ఆటలకు మాత్రం అనుమతి రాలేదు. అప్పుడు వాళ్లేం చేశారు? ఫైళ్లు తీసేశారు, పేజీలు ఉంచారు. ఆట పేరు, సంవత్సరం, రచయిత, అట్ట, అన్నీ అలాగే ఉన్నాయి. ఆట ఇవ్వకపోయినా దాని ఊరూ పేరూ కాపాడవచ్చని దీనికన్నా బాగా ఎవరూ చూపలేదు.

నకలు తీసే పద్ధతిలోనూ ఈ సమాజం పట్టుదల చూపింది. స్పెక్ట్రమ్ ఆటను స్నాప్‌షాట్‌గా దాచవచ్చు. ఆట లోడ్ అయిన క్షణంలో జ్ఞాపకశక్తిలో ఉన్నదాన్నంతా ఫైలుగా తీయడం అది. వెంటనే ఆడుకోవచ్చు, కానీ టేపు మీద ఏముందో, దొంగ కాపీలు ఆపడానికి సంస్థలు రాసిన ప్రత్యేక లోడర్లు ఎలా ఉండేవో పోతాయి. టీజెడ్‌ఎక్స్ అనే ఫైలు రకం టేపు మీది సంకేతాల నిడివులనే నమోదు చేస్తుంది. కీచు శబ్దం, రంగుల చారలు, రక్షణ కోడు, అన్నీ తిరిగి వస్తాయి. మీ ముందు రెండూ ఉంటే టీజెడ్‌ఎక్స్‌నే ఎంచుకోండి. రెండు నిమిషాలు ఆలస్యంగా లోడ్ అయినా సరే.

2016లో మొదలైన జెడ్‌ఎక్స్‌డీబీ ఈ సమాచారాన్నంతా ఒక బహిరంగ డేటాబేస్‌గా మలిచింది. స్పెక్ట్రమ్ కంప్యూటింగ్ అనే సైటు దాని మీదే నడుస్తుంది. ఎవరైనా మొత్తం డేటాబేస్‌ను దించుకుని తమ కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. ఎంపిక చేసుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: రేపు ఈ సైటు మాయమైతే సూచీ ఇంకెవరి దగ్గరైనా ఉంటుందా? స్పెక్ట్రమ్ విషయంలో ఉంటుంది.

కమడోర్ 64 కంప్యూటర్‌కు గేమ్‌బేస్64, సీఎస్‌డీబీ, అమిగా కంప్యూటర్‌కు హాల్ ఆఫ్ లైట్ ఇలాంటివే. బీబీసీ మైక్రో ఆటలకు కూడా బ్రౌజర్‌లో ఆడగల ప్రత్యేక భాండాగారం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల కోసం మొదలుపెట్టిన క్లాస్ పథకంలో మన పిల్లలు మొదట తాకిన కంప్యూటర్ బీబీసీ మైక్రోయే. ఆ తరంవారికి ఆ తెర మళ్లీ కనిపిస్తే కలిగే ఆనందం వేరు. యంత్రం ఏదో తెలిస్తే, అన్ని యంత్రాల పెద్ద సైటు కన్నా ముందు దాని సొంత డేటాబేస్ తెరవండి.

నకలు సరైనదేనా అని తేల్చుకోవాలంటే

మీ దగ్గర సొంత క్యాసెట్లు, డిస్కులు ఉండి, వాటి నుంచి తీసిన నకలు సరిగా వచ్చిందో లేదో చూసుకోవాలంటే నో ఇంట్రో, రీడంప్, టోసెక్ మీకు కావలసినవి. ఇవి ఆటలు ఇవ్వవు. ఇవి ఇచ్చేది పట్టికలు. ప్రతి ఆటకూ ఫైలు పరిమాణం, సీఆర్‌సీ32, ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ1 వంటి చెక్‌సమ్‌లు ఉంటాయి. చెక్‌సమ్‌ను ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. ఒక్క బైటు మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది.

నో ఇంట్రో చిప్ ఉన్న గేమ్ క్యాసెట్లకు, రీడంప్ సీడీ, డీవీడీ వంటి డిస్కులకు, టోసెక్ ముఖ్యంగా పాత ఇంటి కంప్యూటర్లకు. నో ఇంట్రో, రీడంప్‌లు శుద్ధమైన అసలు నకలు కోసం పట్టుబడతాయి. టోసెక్ మార్చినవి, పాడైనవి, రక్షణ తీసేసినవి కూడా అలా అని గుర్తు పెట్టి నమోదు చేస్తుంది. చరిత్ర రాసేవారికి టోసెక్ పద్ధతే మేలని నా అభిప్రాయం. దొంగ కాపీ కూడా ఆ కాలపు సాక్ష్యమే. మన దేశంలో ఆడినవాటిలో ఎన్నో అలాంటివే కదా.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. ఎన్‌ఈఎస్ ఆటల ఫైళ్లకు ఎమ్యులేటర్ల సౌకర్యం కోసం ముందు 16 బైట్ల తలకట్టు తగిలిస్తారు. అది క్యాసెట్‌లో ఉండదు. దానితో కలిపి లెక్కిస్తే మీ వేలిముద్ర పట్టికతో కలవక, మీ నకలు పాడైందని కంగారు పడతారు. పట్టిక తలకట్టుతో చేసినదా, లేకుండా చేసినదా చూసి పోల్చండి. కాంట్రా జపాన్ రూపం, అమెరికా రూపం, ప్రొబోటెక్టర్ ఇక్కడ మూడు వేర్వేరు నమోదులు. నాకు ఈ పట్టిక ముందే తెలిసి ఉంటే ఆకుల సంగతి పది నిమిషాల్లో తేలిపోయేది.

ఆర్కేడ్ యంత్రాలకు మామ్ అనే ఎమ్యులేటర్ తప్ప మరో మాట లేదు. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు లక్ష్యమే ఆ యంత్రాల పనితీరును నమోదు చేయడం. ఇంటర్నెట్ సెంటర్లలో బ్రౌజర్‌లో ఆడిన ఫ్లాష్ ఆటలకు ఫ్లాష్‌పాయింట్ అనే సేకరణ ఉంది. అడోబ్ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపేసేలోగా వీలైనన్ని ఆటలు పోగుచేశారు. మొత్తం సేకరణ టెరాబైటు దాటింది కాబట్టి, అడిగిన ఆటను మాత్రం దించుకునే చిన్న రూపాన్నే తీసుకోండి.

చట్టం మాట

యజమాని వదిలేసిన సాఫ్ట్‌వేర్ అనే అర్థంలో వాడే అబాండన్‌వేర్ అనే మాటకు చట్టంలో స్థానం లేదు. సంస్థ మూతపడినా హక్కులు ఎవరో ఒకరివే. మన కాపీరైటు చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనతో సమానం, రక్షణ రచయిత మరణం తరువాత 60 ఏళ్లు. అదే చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా సాఫ్ట్‌వేర్ పొందినవారు అది పోకుండా, పాడవకుండా రక్షణ కోసం తమకై బ్యాకప్ తీసుకోవడానికి అనుమతిస్తుంది. సొంత క్యాసెట్ నుంచి తీసుకుని పట్టికతో పోల్చుకోవడం ఒకటి, ఎవరో ఎక్కించిన వెయ్యి ఆటల మూటను దించుకోవడం ఇంకొకటి. ఇంకా అమ్ముడవుతున్న ఆటను కొనండి. అమ్మకంలో లేనివాటి దగ్గరే ఈ భాండాగారాల అవసరం.

మీ అటక మీద ఉన్నవాటి సంగతి

ఇక్కడ తెలుగువారిని ప్రత్యేకంగా బతిమాలుకోవాలి. అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు వాడుకలోకి రాకముందు మన అచ్చు పని అంతా ఒక్కో సంస్థ సొంత ఫాంట్ల మీద నడిచింది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పేజ్‌మేకర్ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ కాలపు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు ఫ్లాపీల్లో ఉన్నా, ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్, ఆ పాత విండోస్ లేకుండా వాటిని చదవలేం. స్పెక్ట్రమ్ ఆటల వెంట పడినట్టు వీటి వెంట పడేవారు కావాలి. డీటీపీ సెంటర్ నడిపినవారి ఇళ్లలో ఫ్లాపీల డబ్బాలు ఇంకా ఉండే ఉంటాయి. అయస్కాంత పూత ఏటికేడాది బలహీనపడుతోంది.

అలాంటి ఫ్లాపీ దొరికితే ముందు అంచున ఉన్న చిన్న జారుడు మీటను జరిపి, దాని మీద ఏదీ రాయబడకుండా చేయండి. బూజు కనిపిస్తే డ్రైవులో పెట్టకండి, డ్రైవూ పాడవుతుంది. లోపలి ఫైళ్లను లాగి కాపీ చేయడంతో సరిపెట్టకుండా మొత్తం డిస్కు ఇమేజ్ (డిస్కు అంతటికీ ఒకే ఫైలుగా నకలు) తీయండి. పాత డ్రైవును యూఎస్‌బీకి కలిపే గ్రీజ్‌వీజిల్ వంటి పరికరంతో అయస్కాంత మార్పులనే నమోదు చేయవచ్చు. మామూలుగా చదవలేని డిస్కులు కూడా కొన్నిసార్లు అలా బయటపడతాయి. లేబుల్ ఫోటో తీయండి. చేతిరాత ఉంటే అది మరీ ముఖ్యం.

తరువాత ఎక్కడ పెట్టాలి? ఆట అయితే ఆ యంత్రం సొంత డేటాబేస్‌కు రాయండి, వాళ్లకు లేని రూపం మీ దగ్గర ఉండవచ్చు. ఆట కానిదానికి, తెలుగు సాఫ్ట్‌వేర్‌కు, మోబీగేమ్స్ తలుపు తెరవదు. హక్కుదారుల అనుమతి దొరికితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పూర్తి వివరాలతో పెట్టండి. దొరకకపోతే ఇమేజ్‌ను మీ దగ్గర రెండు చోట్ల దాచి, వివరాలు మాత్రం బహిరంగంగా ప్రకటించండి: పేరు, వెర్షన్, సంవత్సరం, ఎన్ని డిస్కులు, చెక్‌సమ్, లేబుల్ ఫోటో. వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్ చేసింది అదే.

పసుపు రంగు గేమ్ క్యాసెట్ దొరికినా ఇదే పద్ధతి. అందులో లక్షల ఆటలున్నాయని అట్ట మీద రాసి ఉన్నా, మెనూలో నిజంగా ఎన్ని వేర్వేరు ఆటలున్నాయో లెక్కపెట్టండి. తెరవగలిగితే లోపలి బోర్డుకు రెండు వైపులా ఫోటోలు తీయండి. ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎంతకు కొన్నారో గుర్తుంటే రాసిపెట్టండి. కాంట్రా ఉంటే, ఆకులు ఊగుతున్నాయో లేదో కూడా రాయండి.